ఊ కొట్టిన సాయంత్రం

గోవిందరావు సైకిలు చక్రాలకు గాలి కొట్టి, వెనక కేరియరు మీద పాత దుప్పటి మడతపెట్టి తాడుతో బిగించాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల వాళ్లంతా గుమ్మాల్లో కూర్చునే వేళ అది. రేపో మాపో రిటైరయ్యే మనిషి, మనవరాలి చేత అక్షరాలు దిద్దించే మనిషి, పెళ్లాన్ని సైకిలెక్కించుకుని షికారుకు బయల్దేరుతుంటే ఎవరు చూడకుండా ఉంటారు? చూడనీ. ఆ పూట అతనికి ఎవరి ఊసూ పట్టలేదు. తెల్లారితే చిలకమ్మను కలకత్తా ఆస్పత్రిలో చేర్చాలి. ఆ తర్వాత ఆపరేషను చేసి ఆమె గొంతుపెట్టె తీసేస్తారు. మెడకు కన్నం పెడతారు, అందులోంచి ఊపిరి పీల్చుకోవాలి. మనిషి ఉంటుంది, మాట ఉండదు.

తీయకపోతే ఏమవుతుందో డాక్టరు దాచకుండానే చెప్పాడు. లోపలి గడ్డ ఊరుకునే రకం కాదట. వచ్చే దుర్గాపూజ పందిళ్లు చూడాలని ఉంటే ఆలస్యం చేయొద్దన్నాడు. చిలకమ్మ అప్పుడు కూడా వల్ల కాదంది. మూగదానిగా బతకడం కన్నా పోవడమే నయమంది. కూతురు ఇందు ఏడ్చి, బతిమాలి, చివరికి అలిగి సుభాష్‌పల్లిలోని తన ఇంటికి వెళ్లిపోయింది. గోవిందరావు ఒక్కడే ఆమె ఎదురుగా కూర్చుని, "నా మాట ఇను సిలకా, సేయించుకో" అంటే, ఆమె చాలాసేపు అతని మొహం చూసి తలూపింది. కూతురు మాటకు కాదు, డాక్టరు మాటకు కాదు. మొగుడి మాటకు ఒప్పుకుంది.

ఈ షికారు కూడా చిలకమ్మ పెట్టిన షరతే. మధ్యాహ్నం గంజి తాగి, మూతి తుడుచుకుని, అతని ఎదురుగా నిలబడి వేళ్లు మడిచి మరీ చెప్పింది.

"సాయంత్రం నన్ను తిప్పాల. డబ్బులు ఖర్సెట్టకూడదు. ఆస్పత్రి మాట ఎత్తకూడదు. నాను ఎనకాల కూకొని మాటాడతాను, నువ్వు ఊ కొట్టాల. ఊ ఆగిపోయిందో, గిల్లుతాను. కొత్తలో లాగ."

కొత్తలో సంగతి వేరు. అప్పుడు రెండు గదుల క్వార్టర్లో అత్తగారు, మామగారు, పెళ్లికాని మరుదులు, ఊరినుంచి పని వెతుక్కుంటూ వచ్చి తిష్ఠ వేసిన చుట్టాలు. చిలకమ్మకు అత్తగారంటే మేనత్తే అయినా, మొగుడితో రెండు ముక్కలు మాట్లాడదామంటే గోడకు కూడా చెవులుండేవి. అందుకని గోవిందరావు కిరసనాయిలు తెస్తానని సైకిలు తీసేవాడు, సీసా పట్టుకోవడానికని చిలకమ్మ వెనక ఎక్కేది. వీధి మలుపు తిరిగిందంటే ఇక నోరు ఆగేది కాదు. మొహం మీద చెప్పడానికి సిగ్గుపడేవన్నీ అతని వీపుకు చెప్పేది. అతను ఊ కొట్టడం మానేస్తే నడుం మీద గిల్లేది. కిరసనాయిలు కొట్టు పక్క వీధిలోనే ఉన్నా, సీసా ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేవాళ్లు. అత్తగారికి తెలియదనుకున్నారు గాని, ఆవిడకు తెలియనిదేముంది.

ఆ రోజుల్లో గోవిందరావుకు చెవులుండేవి.

ఇదీ అసలు గొడవ. వర్క్‌షాపులో రైలు వ్యాగన్లు బాగుచేసే చోట అతని పని. రివెట్ గన్ పెట్టి రేకుల్ని బిగిస్తుంటే ఆ మోత ఎముకల్లోకి దిగుతుంది. అక్కడ ఒకరి మాట ఒకరికి వినపడదు. చేతి సైగలూ పెదాల కదలికలతోనే పని నడుస్తుంది. "బోల్టు తే" అన్నా, "టీకి పద" అన్నా చూసి తెలుసుకోవడమే. ఆ షాపులో పనిచేసేవాళ్ల చెవులు కాస్త మందమని క్వార్టర్ల లైనులో అందరికీ తెలుసు. ఆ ఇళ్లల్లో అందరూ గొంతు పెంచే మాట్లాడుకుంటారు. కాని గోవిందరావుకు పోయింది కాస్త కాదు. పూర్తిగా పోయింది. ఎదుటి మనిషి పెదాలు కనపడితే ఎంతసేపైనా కబుర్లు చెబుతాడు. ఆ మనిషి మొహం తిప్పుకుంటే ఇక అంతే సంగతులు.

మొదట్లో ఉద్యోగం పోతుందని దాచాడు. మెడికల్‌లో చెవుడని తేలితే షాపులోంచి తీసి ఏ ఆఫీసరు గది బయటో స్టూలు మీద కూర్చోబెడతారు. రివెట్లు కొట్టిన చేత్తో టీ కప్పులు మోయడం అతని వల్ల కాదు. చెవులు చూసే రోజున ఎవర్ని పట్టుకున్నాడో, ఎలా గట్టెక్కాడో అతనికే తెలియాలి. ఆ తర్వాత సిగ్గుతో దాచాడు. ఆ తర్వాత, ఇన్నాళ్లు చెప్పనివాడు ఇప్పుడేమని చెబుతాడని దాచాడు. పెళ్లానికి కూడా చెప్పలేదు. ఇనుముకు బెజ్జాలు వేసే మొనగాడికి ఇంట్లో ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదు.

చిలకమ్మ ముందు దాచడం అంత కష్టమూ కాలేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆమె మొహమే చూసేవాడు. అన్నం కలుపుతూ చూసేవాడు, చొక్కా విప్పుతూ చూసేవాడు. పని నుంచి రాగానే పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుని, "సెప్పు సిలకా" అనేవాడు. ఆమె ఎవరి గేదె తప్పిపోయిందో, ఎవరి కోడలు అలిగిందో అన్నీ చెప్పేది. ఒకరోజు వాకిట్లో పక్కింటి జోగమ్మతో ఆమె అంటున్న మాట అతను కిటికీలోంచి పెదాల్లో చదివాడు. "మా బావ నాను మాటాడతంటే నా మొహం మీంచి సూపు తిప్పడమ్మా. ఇన్నేళ్లయినా అదే సూపు." ఆ మాట చదివాక, ఇక నిజం చెప్పడానికి అతనికి ముఖం చెల్లలేదు.

ఇప్పుడామె వెనక కూర్చుని మాట్లాడతానంటోంది. అది కూడా ఆఖరిసారి.

వద్దని ఏ మొహం పెట్టుకుని అంటాడు? ఎక్కించుకున్నాడు. జోగమ్మ గుమ్మంలోంచి చూసి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వీధి మలుపు తిరగగానే చిలకమ్మ చెంప అతని వీపుకు ఆన్చింది. అంతే, మాట మొదలైందని అతనికి తెలిసింది. చొక్కా లోంచి చిన్న అదురు. బొంగురుపోయిన గొంతు కదా, ఆ అదురు కూడా సన్నగానే ఉంది. అది ఆగినప్పుడల్లా గోవిందరావు "ఊ" అన్నాడు. ఓసారి ఆలస్యమైతే నడుం మీద గిల్లింది. అతను సైకిలు అటూ ఇటూ ఊపి భయపెట్టాడు, ఆమె నవ్విందని ఆమె పొట్ట కదలికను బట్టి తెలుసుకున్నాడు. ఇంకోసారి ఊరికే గిల్లింది. అతనూ నవ్వాడు. గండం గడిచేట్టే ఉందనుకున్నాడు.

వర్క్‌షాపు గోడ దాటి మలంచా రోడ్డు ఎక్కేదాకా ఆమె ఆగలేదు. గంజి తప్ప ఏదీ దిగని గొంతులో అన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో. రోడ్డు మీద ఆటోలు, బస్సులు, స్వీటు కొట్ల ముందు జనం. అక్కడికొచ్చాక ఆ అదురు నెమ్మదించింది. ఆమె గుప్పిట అతని చొక్కా పట్టుకుంది. ఏదో అంది. ఆగింది.

"ఊ" అన్నాడు గోవిందరావు.

గుప్పిట సడలలేదు. ఏదో మళ్లీ అంది, ఈసారి పొట్టిగా. జవాబు కోసం చూస్తోందని అతనికి తెలుస్తూనే ఉంది. సైకిలు ఆపి, వెనక్కి తిరిగి, ఏమన్నావని అడిగితే పోయేది. అడగలేదు. ఇన్నేళ్లుగా ఎలా నెట్టుకొచ్చాడో అలాగే నెట్టేద్దామనుకుని, "ఊ, అలగే" అన్నాడు గట్టిగా.

చిలకమ్మ రెండు చేతులూ అతని నడుం చుట్టూ వేసింది. నడిరోడ్డు మీద, అంత జనంలో. కొత్త పెళ్లికూతురప్పుడు కూడా చేయని పని. వీపు మీద చొక్కా తడిసింది, చెమట అనుకున్నాడు. ఏదో మంచి మాటకే ఊ కొట్టానులెమ్మని పొంగిపోయాడు కూడా, ఆ పిచ్చి మారాజు.

స్వీటు కొట్టు పక్కన పానీపూరీలమ్మే ఫుచ్కా బండి దగ్గర ఆమె దిగింది. షరతు తనే తప్పింది. "ఫుచ్కా తినిపించు బావా" అంది అతని ఎదుటికి వచ్చి. మొహం కళకళలాడిపోతోంది. నెలల తరబడి ఆ మొహం మీద ఆ కళ లేదు. గొంతు మండుతుందేమోనని అతను జంకితే, కళ్లెర్రజేసి, బండివాడితో, "దాదా, ఆర్ ఎక్టు ఝాల్" అని ఇంకాస్త కారం వేయించుకుంది. ఒక్కటి తినడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. కళ్లవెంట నీళ్లు కారాయి, ముక్కు కారింది, మింగుడుపడక మెడ పట్టుకుంది. అయినా ఇంకోటి అందుకుంది. తర్వాత అతని జేబులోంచి ఫోను తీసుకుని, ఇప్పుడే వస్తానని చెయ్యి చూపి, స్వీటు కొట్టు దీపం కిందికి వెళ్లింది.

గోవిందరావు చేతిలో ఆకుదొన్నె పట్టుకుని, అలవాటు కొద్దీ ఆమె పెదాలే చూస్తూ నిలబడ్డాడు.

"ఇందూ, మీ నాన్న ఒప్పేసుకున్నాడే" అంటోంది చిలకమ్మ. "ఆపరేషను మానేద్దామన్నాను. ఊ అన్నాడు. సరిగ్గా ఇన్నాడో లేదోనని మల్లీ అడిగినాను. అలగే అన్నాడు. నా మాట లేకపోతే ఆ మనిషి బతకనేడే, నీకు తెల్దు. రేపు రాము. నువ్వు బేగు సర్దొద్దు."

అతని పైప్రాణాలు పైనే పోయాయి. దొన్నెలో చింతపండు నీళ్లు చేతి మీదుగా మోచేతి దాకా కారుతున్నా తెలియలేదు.

చిలకమ్మ తిరిగొచ్చింది. ఆమెను రెక్క పట్టుకుని స్వీటు కొట్టు పక్క సందులోకి, దీపం పడే చోటికి తీసుకెళ్లాడు. మొహం కనపడాలి కదా.

"ఇందుకి ఫోన్ సేసి ఏటి సెప్పినావు?"

"నువ్వన్నదే సెప్పినాను."

"నాను ఒప్పుకోలేదు సిలకా."

ఆమె నవ్వింది. ఆట అనుకుంది. "రెండుసార్లు అడిగినాను. రెండుసార్లూ ఊ అన్నావు."

"అంటే అన్నాను. తప్పయిపోయింది. ఆ మాట ఎనక్కి తీసేసుకుంటన్నాను. రేపు ఎల్లాలి, తప్పదు."

ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "నీ మాట మీదే ఆపరేషనుకి తలూపినాను. నీ మాట మీదే మానేసినాను. ఇంక కదపకు బావా" అంది.

అతను కూతుర్ని గుర్తు చేశాడు, మనవరాల్ని గుర్తు చేశాడు. డాక్టరు చెప్పిందంతా మళ్లీ అప్పజెప్పాడు. దేనికీ ఆమె చలించలేదు. చిలకమ్మ ఒకటి అనుకుంటే బ్రహ్మదేవుడొచ్చినా అంతే. పైగా ఇప్పుడు మొగుడి మాట చేతిలో ఉంది. అతను అరుస్తుంటే ఆగమని చెయ్యి చూపి, బొంగురు గొంతుతో, ఆయాసపడుతూ చెప్పింది.

"నన్ను మూగదాన్ని సేసి ఇంటికి తెచ్చుకుంటావు. రాయిలాగ ఆ మూల కూకుంటాను. పని నించొచ్చి ఎవరికాడ కూకుంటావు? సెప్పు సిలకా అని ఎవర్ని అడుగుతావు? నా మాట ఇంటేగాని నీకు ముద్ద దిగదు. అది నాకు తెలుసు. నా మొహం సూసి సూసి ఒకరోజు నీకే ఇసుగొస్తాది. అలగ బతకలేను. ఉన్నన్నాల్లు మాటాడి పోతాను. నువ్వు ఇను."

ఇక గోవిందరావుకు దారి లేదు. చెబితే ఈ మనిషి బతుకుతుందేమో. కాని చెప్పాక ఆమె దగ్గర తనకేం మిగులుతుంది? చెప్పకపోతే ఊ కొట్టి చంపినవాడవుతాడు. కళ్లు మూసుకుని, మళ్లీ ఆమె పెదాలు చూడాలని తెరిచి, అనేశాడు.

"నాకు నీ మాట ఇనబడదే."

చెవిటివాడి గొంతు కదా, ఎంత తగ్గించానని అతను అనుకున్నా, అది మలంచా రోడ్డు దాకా వినపడింది. ఫుచ్కా బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. రైలు పనికి వలస వచ్చినవాళ్ల ఊరు, ఆ రోడ్డు మీద సగం మందికి తెలుగు వచ్చు.

"ఇనబడకేటి, కుసింత మందం" అంది చిలకమ్మ.

"కుసింత కాదు. అసలే ఇనబడదు. పెదాలు సూసి సెప్పుకొస్తన్నాను, షాపులో లాగ. సైకిలు మీద నువ్వన్నది ఒక్క ముక్క కూడా ఇనలేదు. నీ అదురు ఆగినప్పుడల్లా ఊ అన్నాను. నువ్వు ఏటి అడిగినావో నాకు తెల్దు. ఇందుతో ఫోన్లో అంటంటే సూసి తెలుసుకున్నాను."

ఆమె నమ్మలేదు. కొంగు తీసి ముక్కు కింద నుంచి గడ్డం దాకా కప్పుకుంది. కొంగు కదిలింది, ఏదో అంది. కళ్లతో అడిగింది, ఏమన్నానని. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కొంగు కదిలింది, ఈసారి చాలాసేపు. ఆమె మెడ మీద నరాలు ఉబ్బాయి. అరుస్తోంది కాబోలు. రోడ్డు మీద ఆడవాళ్లు ఇంకో అడుగు ఇటు వేశారు. గోవిందరావు ఆమె కళ్లే చూస్తూ నిలబడ్డాడు.

చిలకమ్మ కొంగు వదిలేసింది.

"ఎన్నాల్లయింది?"

"ఇందు పెళ్లికి ముందు నించి తగ్గిపోతా వచ్చింది. మనవరాలు పుట్టినాక పూర్తిగా పోయింది."

"మరి నా మొహం సూసేది..."

ఆ మాట ఆమె పూర్తి చేయలేదు. జవాబు అతని దగ్గర ఉంది. చూడడం మొదలుపెట్టింది చెవుల కోసమే అయినా, చూసి చూసి ఆ మొహం లేకపోతే అతనికి తెల్లారదు. ఆ ముక్క చెబుదామనే నోరు తెరిచాడు. కాని అప్పుడు తోచింది వేరొకటి. ఆమెను రేపు రైలెక్కించే మాట. ఆ మాటే అన్నాడు.

"ఇలగ ఆలోసించు సిలకా. ఆపరేషను అయినాక ఊరందరికీ నువ్వు మూగ. నాకు కాదు. నువ్వు పెదాలు కదిపితే సాలు, నాకు తెలిసిపోద్ది. సెప్పు సిలకా అని నాను అడుగుతాను, నువ్వు సెప్తావు. నా వరకు ఏటీ మారదు."

ఓదార్పు అనుకునే అన్నాడు. నిజం కూడాను. కాని కొన్ని నిజాలు ఎదుటి మనిషిని నిలువునా కూల్చేస్తాయి. చిలకమ్మ గోడకు ఆనుకుంది. ఎవరి కోసమైతే ఆ గొంతును ప్రాణం పోయినా సరే ఉంచుకుందామనుకుందో, ఆ మనిషికే అది ఎప్పుడో లేకుండా పోయింది. ఇన్నాళ్లూ వంటింట్లోంచి, పెరట్లోంచి, చీకట్లో పక్క మీద నుంచి ఆమె చెప్పిందంతా ఎవరూ వినలేదు.

"ఏటీ మారదా" అంది. అడిగినట్టు లేదు.

"సైకిలు మీద ఏటేటి సెప్పినావో మల్లీ సెప్పు. ఇప్పుడు నా మొహం సూసి సెప్పు. అన్నీ ఇంటాను" అన్నాడు గోవిందరావు. ఏడుస్తున్నాడు.

"మొహం సూసి సెప్పే మాటలు కావవి."

ఆమె ఫోను మళ్లీ తీసింది. ఈసారి దీపం కింద నుంచి కదలకుండా, అతనికి కనపడేట్టే మాట్లాడింది. "ఇందూ, రేపు వత్తాము. బేగు సర్దు." అవతల కూతురు ఏమందో, "ఏటీ నేదు. మీ నాన్నే ఎల్దామన్నాడు" అని పెట్టేసింది. ఫోను అతని జేబులో వేసింది. వేస్తున్నప్పుడు అతని మొహం చూడలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు సైకిలెక్కమంటే ఎక్కలేదు. ముందు నడిచింది. అతను సైకిలు తోసుకుంటూ వెనక నడిచాడు. రోడ్డు దాటి, వర్క్‌షాపు గోడ వెంబడి ఇద్దరూ అలాగే వెళ్లారు. గోడ వెంబడి వెలుతురు తక్కువ, మనుషులు తక్కువ. ఎదురుగా ఎవరో ముసలావిడ కూరల సంచితో వస్తూ, చిలకమ్మను చూసి వింతగా పక్కకు తప్పుకుంది. దాటాక కూడా వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు గోవిందరావుకు తెలిసింది, తన పెళ్లాం మాట్లాడుకుంటూ నడుస్తోందని.

ఎంతసేపటి నుంచి మాట్లాడుతోందో. ఎవరితోనో. ఆపరేషను అయిపోతే ఆ గొంతు ఎవరికీ ఉండదు, ఉన్న కాస్తా ఈ గోడకు చెబుతోంది. సైకిలును దాదాపు ఎత్తిపట్టుకుని గబగబా నడిచాడు, పరుగెత్తాడు, ఆమెను దాటి ముందుకొచ్చి వీధి దీపం కింద అడ్డంగా నిలబడ్డాడు. అతను రావడం చూసి ఆమె నోరు మూసుకుంది.

"సెప్పు సిలకా" అన్నాడు, రొప్పుతూ.

చిలకమ్మ అతని మొహం వంక చూసింది. కోపంగా లేదు, అలసటగా ఉంది. చెవిటివాళ్లతో మాట్లాడేటప్పుడు జనం ఎలా మాట్లాడతారో అలా, పెదాలు బాగా విప్పి, ఒక్కో ముక్కా విడదీసి, వాళ్ల కాపురంలో మొదటిసారి అతనితో అలా అంది.

"ఇంటి, కెల్లి, నీకు, అన్నం, వండాల."

ఆ మాటకు గొంతు కలిపిందో, ఉత్త పెదాలే కదిపిందో గోవిందరావుకు తెలియలేదు.